మధ్యాహ్నం మూడున్నరకి మీ హాలు

పెద్ద టీవీ కొనేవాళ్ళు సాధారణంగా నాలుగు సంగతులు తేల్చుకుని షోరూమ్‌కి బయల్దేరతారు. ఎన్ని అంగుళాలు, ఏ కంపెనీ, ఓఎల్‌ఈడీయా మినీ ఎల్‌ఈడీయా, బడ్జెట్ ఎంత. టీవీ పెట్టబోయే హాలు ఊసు ఆ నాలుగింటిలో ఉండదు. హాలు మనదే కదా, మనకు తెలియనిదేముంది అనుకుంటాం. తీరా ఏప్రిల్ మధ్యాహ్నం మూడున్నరకి టీవీ గోడ మీద ఎంత వెలుగు పడుతుందో, డిసెంబరులో ఎండ టైల్స్ మీద ఎంత దూరం పాకుతుందో చెప్పమంటే, పదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్ళు కూడా తడుముకుంటారు. లక్షలు పోసి కొనే ఆ తెర కళకళలాడేదీ వెలవెలబోయేదీ ఆ వెలుతురును బట్టే. అందుకని ఈ అధ్యాయంలో నా వాదన ఇది: మీ ఇంట్లో నిజంగా టీవీ నడిచే వేళల్లో అన్నిటికన్నా వెలుతురు ఎక్కువుండే గంట ఏదో ముందు పట్టుకోండి. ఆ గంటకి నిలబడే టీవీని ఎంచుకోండి. రాత్రి తొమ్మిదింటికి లైట్లు తగ్గించాక ఏ ఖరీదైన టీవీ అయినా బాగానే ఉంటుంది, దాని గురించి పుస్తకం రాయక్కర్లేదు.

ముందు నలుపు సంగతి చూద్దాం. టీవీ వెలుగును పుట్టించగలదు గానీ నలుపును పుట్టించలేదు. తెర మీద నలుపంటే అక్కడ వెలుగు లేకపోవడమే. ఆపేసిన టీవీ ఎదుట పట్టపగలు ఒకసారి నిలబడి చూడండి. రాత్రి కాటుకలా ఉండే ఆ తెర పగలు బూడిద రంగులో ఉంటుంది. అందులో సోఫా, తిరుగుతున్న ఫ్యాను, కిటికీ ఊచలు, టీ కప్పుతో నిలబడ్డ మీరూ కనిపిస్తారు. ఆ బూడిద రంగు కన్నా నల్లటి నలుపును ఆ గంటలో ఆ టీవీ చూపించలేదు, ధర ఎంతైనా సరే. లెక్కగా చెప్పుకుంటే ఇంకా తేటపడుతుంది. గోడ మీద పడే వెలుగును లక్స్‌లో, తెర నుంచి కంటికి చేరే వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. రాత్రి ఒక మూల చిన్న దీపం వెలిగే హాల్లో టీవీ గోడ మీద 10, 20 లక్స్ ఉంటే, బాల్కనీ తలుపు బార్లా తెరిచిన హాల్లో పగలు 400 లక్స్ సులువుగా ఉంటుంది. తన మీద పడిన వెలుగులో ఒక్క శాతాన్ని మాత్రమే తెర నలువైపులా వెదజల్లుతుంది అనుకుందాం. 400లో ఒక శాతం 4. దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 1.3 నిట్స్. ఓఎల్‌ఈడీ నలుపు సున్నా, మినీ ఎల్‌ఈడీ నలుపు 0.03 నిట్స్ అనుకోండి. చీకట్లో ఆ రెండింటికీ తేడా ఉంది. పగలు మాత్రం హాలు రెండింటి మీదా తన 1.3 నిట్స్ సున్నం పూసేస్తుంది, తేడా దాని కింద కప్పడిపోతుంది. కాంట్రాస్ట్ అనంతం అని ప్రకటించుకున్న ఓఎల్‌ఈడీలో తెల్లటి భాగం 300 నిట్స్ ఉంటే, తెలుపుకీ నలుపుకీ మధ్య నిష్పత్తి ఆ హాల్లో సుమారు 230కి దిగుతుంది. అదే గోడ మీద 700 నిట్స్ తెలుపు చూపే మినీ ఎల్‌ఈడీకి 500 పైనే దక్కుతుంది. నలుపు కోసం మీరు అదనంగా కట్టిన సొమ్మును పగటి వెలుతురు పైసలతో సహా వసూలు చేసుకుపోతుందన్నమాట.

సినిమాలకి ఇక్కడే ఎక్కువ దెబ్బ. సినిమాకి చివరి రంగులు దిద్దే గది ఎలా ఉండాలో కూడా ప్రమాణం ఉంది. హెచ్‌డీఆర్ చిత్రాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2016లో తెచ్చిన బీటీ.2100 ప్రకారం తెర చుట్టూ ఉండే పరిసరం 5 నిట్స్ ఉంటే చాలు. మామూలు తెల్లగోడ అంత మసకగా ఉండాలంటే దాని మీద సుమారు 20 లక్స్ మించి పడకూడదు. అలాంటి గదిలో దిద్దిన నీడల్ని మనం 400 లక్స్‌లో చూస్తున్నాం. 2019 ఏప్రిల్‌లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్‌లో రాత్రి యుద్ధం ఎపిసోడ్ వచ్చినప్పుడు, చీకటి తప్ప ఏమీ కనబడలేదని ప్రపంచమంతా గోల పెట్టింది. జనానికి టీవీ సరిగా సర్దుకోవడం రాదని ఆ ఎపిసోడ్ ఛాయాగ్రాహకుడు జవాబిచ్చాడు. ఎవరిది తప్పన్న చర్చ అలా ఉంచండి. అమెరికాలో ఆదివారం రాత్రి తొమ్మిదికి మొదలైన ఆ ప్రసారం మన గడియారంలో సోమవారం ఉదయం ఆరున్నర. అప్పటికి మన దగ్గర తెల్లగా తెల్లవారిపోయి ఉంటుంది. దర్శకుడు ఒక నిట్ కన్నా తక్కువ వెలుగులో పెట్టిన సైనికుడు 1.3 నిట్స్ పూత కింద కనబడకపోవడంలో టీవీ చేసిన ద్రోహం ఏమీ లేదు.

అయితే వెలుగు ఎక్కువున్న టీవీ కొంటే సరిపోతుందా? అక్కడ ఒక తిరకాసు ఉంది. బ్రోచర్‌లో కొట్టొచ్చినట్టు వేసే 2000, 3000 నిట్స్ అంకె సాధారణంగా తెరలో పదోవంతో, అంతకన్నా చిన్న గడో మాత్రమే తెల్లగా వెలిగినప్పుడు కొలిచినది. రాత్రి ఆకాశంలో పేలిన తారాజువ్వకి ఆ అంకె పనికొస్తుంది. తెర నిండా వెలుగు కావలసి వస్తే ఓఎల్‌ఈడీ తన వేడినీ కరెంటునీ అదుపులో పెట్టుకోవడానికి మొత్తం వెలుగును తగ్గించేసుకుంటుంది. చిన్న గడిలో వెయ్యి దాటిన తెర నిండు తెలుపులో సుమారుగా 200 నుంచి 400 మధ్య ఆగిపోవడం మామూలు. మంచి మినీ ఎల్‌ఈడీ అప్పుడు కూడా 600, 700 ఇస్తుంది. ఇప్పుడు మన ఇళ్ళల్లో పగటిపూట నడిచేదేమిటో ఆలోచించండి. ఐపీఎల్‌లో రెండు మ్యాచ్‌లున్న రోజు మొదటిది మూడున్నరకి మొదలవుతుంది. ఎండలో మెరిసే పచ్చటి మైదానం, తెల్లటి పిచ్, మీద ఆకాశం, తెర అంచు నుంచి అంచు దాకా వెలుగే. మన దేశంలో టెస్టు మ్యాచ్ మామూలుగా తొమ్మిదిన్నరకి మొదలై సాయంత్రం దాకా అలాగే సాగుతుంది. ఆదివారం మధ్యాహ్నం సినిమాలో పాటలు, సీరియళ్ళలో ట్యూబులైట్లన్నీ వేసినట్టుండే ఇళ్ళు, న్యూస్ స్టూడియోలు, అన్నీ నిండు వెలుగు దృశ్యాలే. కాబట్టి సేల్స్‌మన్‌ని అడగాల్సిన ప్రశ్న ‘పీక్ ఎంత’ అని కాదు, ‘తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు ఎంత’ అని. అతనికి తెలియకపోవచ్చు. టీవీలను పరికరాలతో కొలిచి ప్రచురించే సమీక్షా సంస్థలు ఈ రెండు అంకెల్నీ విడివిడిగా ఇస్తాయి. మోడల్ నంబరు పట్టుకుని వెతికితే పది నిమిషాల పని.

నిట్స్ వేటలో పడ్డవాళ్ళని కాస్త ఆపే సంగతి ఇంకోటి ఉంది. కన్ను వెలుగును కాటా వేసి తూచదు. మనిషి ఇంద్రియాలు తీవ్రతను ఎలా గ్రహిస్తాయో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1957లో ఒక సూత్రంగా పెట్టాడు. ఆ సూత్రం ప్రకారం వెలుగు రెట్టింపైనట్టు కంటికి తోచాలంటే అసలు వెలుగు సుమారు ఎనిమిది రెట్లు పెరగాలి. అంటే 2000 నిట్స్ మోడల్ వదిలి 3000 నిట్స్ మోడల్‌కి ఎగబాకడంలో దక్కేది మీరు కట్టే తేడాకి తూగదు. అదే డబ్బులో చిన్న ముక్కతో టీవీ గోడ మీద పడే 400 లక్స్‌ను 100కి దింపగలిగితే ఆ 1.3 నిట్స్ పూత 0.3కి పడిపోతుంది, కాంట్రాస్ట్ నాలుగు రెట్లవుతుంది. నాలుగింతల వెలుగున్న టీవీ ఏ షోరూమ్‌లోనూ దొరకదు. నాలుగోవంతు వెలుతురున్న హాలు మాత్రం మన చేతిలో పని. ఖరీదైన టీవీ కొనేముందు నీడకి డబ్బు కేటాయించమనేది ఈ లెక్క చూసే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ‘గాలీ వెలుతురూ వస్తాయని ఏరికోరి ఈ ఇల్లు తీసుకున్నాం, టీవీ కోసం గుహ చేసుకోమంటారా?’ న్యాయమైన మాటే. పెద్దవాళ్ళు పేపరు చదువుకునేది, పిల్లలు ఆడుకునేది, చుట్టాలు కూర్చునేది ఆ హాల్లోనే. రోజూ పగలు నల్లటి బ్లాకౌట్ కర్టెన్లు దించి కూర్చోవడం నాలుగు రోజుల ముచ్చట, అయిదో రోజు ఎవరో ఒకరు వాటిని లాగేస్తారు. అందుకే హాలంతా చీకటి చేయడం మాట వదిలేసి, తెర మీద పడే వెలుగును మాత్రమే తగ్గించే దారులు చూడాలి. దానికి మొదట ఎండ దారి తెలియాలి. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి నడివేసవిలో దక్షిణం కిటికీ గుండా మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరు చివర్లో అదే సూర్యుడు మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తుకే ఎక్కుతాడు. పైన స్లాబు నీడ లేకపోతే, ఏడడుగుల తలుపు గుండా దక్షిణపుటెండ ఆరడుగుల దాకా లోపలికొచ్చి టైల్స్ మీద కూర్చుంటుంది. తూర్పు బాల్కనీ పొద్దున ఇబ్బంది పెట్టి మధ్యాహ్నానికి శాంతిస్తుంది. పడమటి బాల్కనీయే అసలు సమస్య. సూర్యుడు వాలేకొద్దీ ఎండ నేల మీద నుంచి గోడ మీదికి పాకి, సరిగ్గా మ్యాచ్ వేడెక్కే వేళకి తెర మీదికే వస్తుంది. అప్పుడిక చూడటం మాట అటుంచి తెర ఆరోగ్యం గురించే ఆలోచించాలి. చాలా టీవీల మాన్యువళ్ళలో గది వేడి 40 డిగ్రీలు మించకూడదని రాసి ఉంటుంది. కోస్తాలో, ఖమ్మం, రామగుండం వైపు మే నెలలో బయట వేడే అది దాటుతుంది, దానికి నేరుగా ఎండ తోడైతే చెప్పక్కర్లేదు.

నీడ ఎక్కడ కడితే లాభమో కూడా చెప్పుకోవాలి. పల్చటి తెల్ల కర్టెన్ వేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఎండ నేరుగా తగిలిన తెల్ల పరదా తానే ఒక పెద్ద ట్యూబులైటు అయి కూర్చుంటుంది, తెరలో కిటికీ బొమ్మ పోయి దాని బదులు పరదా బొమ్మ వస్తుంది. బాల్కనీ బయటి అంచున వెదురు తడక వేలాడదీయడం దీనికన్నా మేలు. ఎండ అద్దం దాటకముందే ఆగుతుంది, గాలి ఆడుతుంది, గది వేడీ తగ్గుతుంది. వేసవిలో వసారాలకి తడకలు కట్టిన మన పాత ఇళ్ళకి ఈ సంగతి తెలుసు. రెండోది నేల. ఇప్పుడు ప్రతి ఫ్లాట్‌లోనూ నిగనిగలాడే తెల్లటి విట్రిఫైడ్ టైల్సే. బాల్కనీ నుంచి పడ్డ వెలుగు వాటి మీద జారి నేరుగా తెర కింది భాగానికి తగులుతుంది. తలుపుకీ టీవీకీ మధ్య ముదురు రంగు జంపఖానా ఒకటి పరిస్తే ఆ దారి మూసుకుంటుంది. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇంటికి అందమే. మూడోది, ఎవరికీ తట్టనిది, సోఫా వెనక గోడ. టీవీ రోజంతా చూసేది ఆ గోడనే. అది తెల్లగా ఉండి 80 శాతం వెలుగు తిప్పికొడుతుంటే 200 లక్స్‌లో దాదాపు 50 నిట్స్‌తో తెరకి ఎదురు వెలుగుతూ ఉంటుంది. ముదురాకుపచ్చో ఇటుక రంగో వేస్తే అందులో మూడోవంతు కూడా మిగలదు. గోడ ఒక్కటే గనక, రంగు ఖర్చు టీవీ గోడకి కొట్టించే చెక్కపని ఖర్చులో చిల్లర.

ఇంత చేశాక కూడా మిగిలేది అద్దం గొడవ. ఇప్పటిదాకా చెప్పింది చెదిరిన వెలుగు గురించి, నేరుగా ప్రతిబింబించేది వేరు. ఎండ పడిన ఎదురింటి తెల్లగోడ 20 వేల నిట్స్‌కి పైగా ఉండగలదు. మంచి పూత ఉన్న తెర అందులో ఒక్క శాతమే తిప్పికొట్టినా 200 నిట్స్ మచ్చ. 300 నిట్స్ దృశ్యం మధ్యలో అది తెల్లటి కన్నంలా కనబడుతుంది. అందుకే టీవీ స్థానం నిర్ణయించేటప్పుడు వాస్తు చూడండి, కాదనను, కానీ కిటికీ కూడా చూడండి. కిటికీకి సరిగ్గా ఎదురుగోడ అన్నిటికన్నా చెడ్డ చోటు. కిటికీ పక్కనే టీవీ ఉంటే ప్రతిబింబం రాదు గానీ, కన్ను ఆ కిటికీ వెలుగుకి అలవాటుపడి తెరను మసకగా చూస్తుంది. కిటికీ పక్కగోడకి ఉండి, వెలుగు అడ్డంగా పోయేదే మంచి చోటు. మార్పు సాధ్యం కాకపోతే తెర రకమే దిక్కు. శాంసంగ్ 2024లో ఎస్95డీ అనే ఓఎల్‌ఈడీకి మ్యాట్ తెర పెట్టింది. అద్దంలా కిటికీ ఆకారం కనబడదు, వెలుగు పొగమంచులా పరుచుకుంటుంది. ఎదురుగా ఒకే ఒక్క మొండి కిటికీ ఉన్న హాలుకి అది వరం. అదే వెలుగు అన్ని వైపుల నుంచీ మెత్తగా నిండే హాల్లో ఆ పొగమంచే తెర మొత్తాన్నీ పాలిపోయేలా చేస్తుంది, అక్కడ మంచి పూతున్న నిగనిగల తెరే నయం. 2022 నుంచి వస్తున్న క్యూడీ-ఓఎల్‌ఈడీ రకంలో ముందు భాగాన పోలరైజర్ పొర ఉండదు. రంగులు గొప్పగా ఉంటాయి, పగలు మాత్రం నలుపు కాస్త ఊదా కలిసిన బూడిదగా కనిపిస్తుంది. ఆ టీవీ చీకటి గదికి పుట్టింది. పూత గురించి ఒక చిన్న హెచ్చరిక: గాజు తుడిచే స్ప్రే కొట్టి తడిగుడ్డతో రుద్దితే ఆ ఖరీదైన పూత పాడవుతుంది. పొడి మైక్రోఫైబర్ గుడ్డే వాడాలి.

ఇంతా విని ‘సమీక్షకులంతా ఓఎల్‌ఈడీయే గొప్పదంటుంటే మీరేమిటి’ అని అడిగేవాళ్ళుంటారు. సమీక్షకులు అబద్ధమాడటం లేదు. చీకటి గదిలో దానికి సాటి లేదు, పక్క నుంచి చూసినా రంగు మారదు. చాలా మినీ ఎల్‌ఈడీలు ఎల్ ఆకారపు సోఫా చివర కూర్చున్నవాళ్ళకి పాలిపోయి కనిపిస్తాయి. అది నిజమైన లోపమే. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళి, రాత్రి ఎనిమిది తర్వాతే టీవీ పెట్టి, సినిమాలే చూసే ఇల్లయితే ఈ అధ్యాయం మీకోసం కాదు, ఓఎల్‌ఈడీ తెచ్చుకోండి. పగలు ఇంట్లో పెద్దవాళ్ళుండి, తెల్లారితే న్యూస్ ఛానెల్ మోగే ఇల్లయితే మాత్రం ఇంకో కారణం కూడా జత అవుతుంది. మన న్యూస్ ఛానెళ్ళ తెర మీద మూలన లోగో, కింద రెండు వరసల స్క్రోలింగ్ పట్టీలు, పక్కన ఎర్ర డబ్బా రోజంతా ఉన్నచోటు నుంచి కదలవు. ఆర్‌టింగ్స్ అనే కెనడా పరీక్షా సంస్థ 2018లో ఆరు ఓఎల్‌ఈడీలను రోజుకి 20 గంటల చొప్పున నడిపి చూసింది. ఎప్పుడూ న్యూస్ ఛానెలే పెట్టిన తెరల మీద లోగో, పట్టీల మరకలు స్పష్టంగా పడ్డాయి. మారుతూ ఉండే కార్యక్రమాలు నడిచిన తెర చాలావరకు బాగానే ఉంది. అప్పటి తెరల కన్నా ఇప్పటివి మెరుగు, ఎల్‌జీ 2025లో నాలుగు పొరల తెర కూడా తెచ్చింది. అయినా వెలుతురున్న హాల్లో బ్రైట్‌నెస్ ఎప్పుడూ పైకే పెట్టి ఉంచుతాం, మరక పడే తొందర కూడా దానితోనే పెరుగుతుంది. అటు మినీ ఎల్‌ఈడీకి ఉన్న పేరుమోసిన లోపం, నల్లటి తెర మీద అక్షరాల చుట్టూ వెలుగు చిందడం, పగటి వెలుతురులో కంటికే ఆనదు. ఓఎల్‌ఈడీ గొప్ప పగలు కనబడదు, మినీ ఎల్‌ఈడీ తప్పూ పగలు కనబడదు. పగటి హాలుకి రెండోదే నా తీర్పు.

షోరూమ్ ఈ తీర్పుని తారుమారు చేయడానికే అమర్చి ఉంటుంది. అక్కడ టీవీలన్నీ వివిడ్ మోడ్‌లో ఉంటాయి, నల్లటి నేపథ్యం మీద రత్నాలు, రంగుల చిలకలు, తేనె బొట్టు తిరుగుతుంటాయి. వెలుగంతా పైకప్పు లైట్లది, పక్క నుంచి వచ్చే ఎండ ఉండదు. పెన్‌డ్రైవ్‌లో మీరే రెండు తీసుకెళ్ళండి: పట్టపగటి క్రికెట్ ముక్క ఒకటి, మీకు బాగా తెలిసిన సినిమాలో రాత్రి సన్నివేశం ఒకటి. మోడ్‌ను స్టాండర్డ్‌కి మార్పించి చూడండి. తర్వాత టీవీ ఆపించి, ఆరిన తెరలో షోరూమ్ లైట్లు ఎలా కనబడుతున్నాయో నాలుగైదు మోడళ్ళని పోల్చండి. వెలిగిన తెర కన్నా ఆరిన తెర నిజం ఎక్కువ చెబుతుంది. ఇంటికి తెచ్చాక పగటికొకటి, రాత్రికొకటి సెట్టింగ్ పెట్టుకోండి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ రాత్రి సినిమాకి చక్కగా ఉంటుంది, పగలు అదే మోడ్ చీకటిగా అనిపిస్తుంది. గది వెలుతురును సెన్సర్‌తో చూసి నీడ భాగాల్ని పైకి లేపే డాల్బీ విజన్ ఐక్యూ 2020 నుంచి ఉంది. మీరు కొనే మోడల్‌లో అదుందో లేదో అడగండి.

అంగుళాల విషయం త్వరగా ముగిద్దాం. సోఫా నుంచి గోడకి పదడుగులుంటే 75 అంగుళాలు హాయిగా సరిపోతుంది, 85 పెడితే సినిమాహాలు వాసన వస్తుంది. కానీ 85 అంటే ఆరడుగుల రెండంగుళాల వెడల్పున్న అద్దం కూడా. 65లో పడని కిటికీ అందులో పడవచ్చు. కేబుల్‌లో వచ్చే నాసిరకం ఛానెళ్ళ గడులు అంత పెద్ద తెర మీద మరీ లావుగా కనిపిస్తాయి. 8కె కోసం మాత్రం పైసా ఎక్కువ పెట్టకండి. 75 అంగుళాల 4కె తెరలో ఒక్కో చుక్క 0.43 మిల్లీమీటర్లు, మామూలు చూపున్న కన్ను దాన్ని అయిదడుగుల దూరం దాటితే విడిగా పట్టుకోలేదు. ప్రొజెక్టర్ పెట్టుకుంటే ఇంకా పెద్ద బొమ్మ వస్తుంది కదా అంటారు. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్‌ని వంద అంగుళాల మామూలు తెల్ల తెర మీదికి వదిలితే లెక్క ప్రకారం 350 నిట్స్ దాటదు, పైగా ఆ తెర పగటి వెలుగును ఏ మొహమాటం లేకుండా తిప్పికొడుతుంది. పగటి హాల్లో దాని మాట ఎత్తకపోవడమే మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అలా మిగిలింది కర్టెన్లకీ గోడ రంగుకీ పెట్టండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి సోఫాలో మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని, ఫోన్ వీపు టీవీ గోడకి ఆనించి, ముఖం హాలు వైపు పెట్టి అంకె రాసుకోండి. అది ఉజ్జాయింపే, అయినా 50కీ 500కీ తేడా చెబుతుంది. గోడ మీదున్న అద్దం పటం ఒకటి దింపి, లోపల ముదురు రంగు ఉన్నదైతే మరీ మంచిది, టీవీ ఎత్తులో ఇంకొకరిని పట్టుకోమనండి. అందులో కిటికీ ఎక్కడ కనబడుతుందో టీవీలోనూ అక్కడే కనబడుతుంది. చివరగా టేపు పట్టుకుని కిందికి దిగి లిఫ్టు కొలత కూడా తీసుకోండి. 85 అంగుళాల టీవీ పెట్టె పొడవు రెండు మీటర్లు దాటుతుంది, పడుకోబెట్టకూడదు, నిలబెట్టే మోయాలి. అది లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా ఎవరు మోస్తారో, ఎంత తీసుకుంటారో బిల్లు కట్టకముందే షోరూమ్‌వాళ్ళ చేత రాయించుకోండి.